సర్పి మానినా పోని మంట: రక్తపరీక్ష చెప్పేదెంత?

కోవిడ్ రెండేళ్లూ మన ఇళ్లకు కొన్ని కొత్త పేర్లు నేర్పాయి: సీఆర్‌పీ, ఫెరిటిన్, డీ-డైమర్, ఐఎల్-6. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఐఎల్-6 పరీక్షకు 1300 రూపాయలకు, సీఆర్‌పీకి 500కు మించి తీసుకోవద్దని ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చిందంటే, జనం వాటికి ఎంత పోశారో ఊహించుకోవచ్చు. కోవిడ్ సద్దుమణిగినా ఆ పరీక్షలు మాత్రం నిలిచిపోయాయి. గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల వీధుల్లో సర్పితో వచ్చిన మనిషి చేతి చీటీలోనూ వాటిలో ఒకటో రెండో కనిపిస్తుంటాయి.

పరిశోధకులు కూడా కొన్నేళ్లుగా ఇదే దారిలో ఒక ప్రశ్న వెంటపడ్డారు. సర్పి వచ్చినవాళ్లలో చాలామందికి మూడు నెలల లోపే నొప్పి పోతుంది. కొందరికి నెలలు, ఏళ్లు గడిచినా పోదు. ఆ కొందరెవరో తొలి వారంలో తీసిన రక్తంతోనే చెప్పగలమా? వాపు ప్రక్రియను, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను కొలిచే అంకెల్లో ఆ జోస్యం ఉందా? గుంపు మొత్తం మీద కొంత ఉందని, ఒక్క మనిషి విషయంలో మాత్రం నమ్ముకోదగ్గంత లేదని ఇప్పటిదాకా వచ్చిన ఆధారాలు చెబుతున్నాయి. ఆ మాటకు ఎలా చేరామో చూడటం అవసరం. పత్తి, మిర్చి పండించే పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ జబ్బు ఎక్కువగా పట్టేది కాయకష్టం మీద బతికే పెద్దవయసు వాళ్లను. వాళ్ల చేతిలో ఉన్న డబ్బు ఏ పరీక్షకు, ఏ మందుకు పోవాలన్నది చిన్న విషయం కాదు.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లోకి వచ్చిన వారిసెల్లా జోస్టర్ వైరస్ పొక్కులు ఎండినా బయటికి పోదు. వెన్నుపాముకు ఇరుపక్కలా, ముఖానికి వచ్చే నరాల మొదట్లోనూ ఉండే నరాల ముడుల్లో దశాబ్దాలపాటు అణగి ఉంటుంది. వయసు మీదపడినా, షుగర్, హెచ్‌ఐవీ, క్యాన్సర్ మందుల వంటివాటితో రోగనిరోధక శక్తి తగ్గినా ఏదో ఒక ముడిలో మళ్లీ మేల్కొని, ఆ నరం వెంట చర్మం దాకా వస్తుంది. అదే సర్పి. అందుకే పొక్కులు ఒంటికి ఒకపక్కే, ఆ నరం పరిధి మేరకే పట్టీలా లేస్తాయి. 1900లో లండన్ వైద్యుడు హెన్రీ హెడ్, ఆయన సహచరుడు క్యాంప్‌బెల్ సర్పి వచ్చి తర్వాత ఏ కారణంగానో చనిపోయిన 21 మంది దేహాలను పరీక్షించి, ఏ నరాల ముడి దెబ్బతింటే చర్మం మీద ఏ పట్టీ లేస్తుందో పటం గీశారు. లోపల దాగిన వైరస్సే వయసుతో పాటు మేల్కొంటుందన్న సిద్ధాంతాన్ని 1965లో స్పష్టంగా రాసినవాడు హోప్-సింప్సన్. ఆయన పెద్ద పరిశోధనాలయం శాస్త్రవేత్త కాదు, ఇంగ్లండ్‌లోని ఒక చిన్న పట్టణంలో రోజూ రోగులను చూసే మామూలు డాక్టరు. తన దగ్గరకు వచ్చిన సర్పి రోగులందరి వివరాలూ ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్నాడు. ఈ వ్యాసం చివర చెప్పబోయే ఒక మాటకు ఆయనే నాకు ధైర్యం.

సర్పి నడుం చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే మనిషి దక్కడని మన పల్లెల్లో ఇప్పటికీ భయం. ఒక్కో నరం శరీరం మధ్యగీత దాకానే వస్తుంది కాబట్టి ఆ కలవడమన్నది దాదాపు జరగదు. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారిలో పొక్కులు ఒళ్లంతా లేవొచ్చు. అది ఆసుపత్రిలో చేర్చాల్సిన స్థితి. భయపడాల్సింది అక్కడ.

ఇక నొప్పి సంగతి. మిర్చి కల్లంలో తొడిమలు తీసే అరవై ఏళ్ల మనిషిని అనుకుందాం. కుడి రొమ్ము కింద నుంచి వీపు దాకా రెండు రోజులుగా గుచ్చుతున్న నొప్పి. చర్మం మీద ఏమీ లేదు. గ్యాస్ అనుకుంది, బస్తా ఎత్తినప్పుడు కండరం పట్టిందనుకుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూది వేశాడు. మూడో రోజుకు ఎర్రమచ్చలు, వాటి మీద గుత్తులుగా నీటిపొక్కులు. ఇంట్లోవాళ్లు వేడి చేసిందన్నారు, మంత్రం వేయించారు, ఎర్రమన్ను పూశారు. పొక్కులు చితికి, చీము పట్టాక ఆరో రోజున టౌనుకు తీసుకెళ్లారు. మూడు వారాలకు పొక్కులు రాలిపోయాయి, మచ్చలు మిగిలాయి. ఇక తగ్గిపోయిందని అందరూ అనుకున్నారు. ఆమెకు తగ్గలేదు. జాకెట్టు అంచు తగిలితే ఉలిక్కిపడుతుంది. ఫ్యాను గాలి తగిలినా ఓర్చుకోలేదు. రాత్రిళ్లు బట్ట తగలకుండా ఎత్తిపట్టుకుని మంచం మీద కూర్చుంటుంది. ఎలా ఉందని అడిగితే కారం రాసినట్టుందని చెబుతుంది.

పొక్కులు లేచిన 90 రోజుల తర్వాత కూడా ఇలాంటి నొప్పి ఉంటే వైద్యులు దాన్ని పోస్ట్ హెర్పిటిక్ న్యూరాల్జియా అంటారు. లెక్కలు ఒక్కో దేశంలో ఒక్కోలా వచ్చినా, సర్పి వచ్చిన నూరుమందిలో సుమారు పది నుంచి ఇరవై మందికి ఇది మిగులుతుందనుకోవచ్చు. యాభై లోపు వయసువారిలో తక్కువ. డెబ్భై దాటినవారిలో ఈ నిష్పత్తి బాగా పెరుగుతుంది.

ఈ పది, ఇరవై మందినీ ముందే పట్టుకోవడానికి రక్తంలో ఏమేం వెతికారో ఇప్పుడు చూద్దాం.

అన్నిటికన్నా పాతది ఈఎస్‌ఆర్. గాజు గొట్టంలో ఎర్రకణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగాయన్న లెక్క. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా పెరుగుతుంది, రక్తహీనత ఉన్నా పెరుగుతుంది, వయసుతోనూ పెరుగుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. పత్తి ఏరే, మిరపకాయలు కోసే ఆడవాళ్లలో ఈఎస్‌ఆర్ 40 వచ్చిందంటే అది సర్పి వల్లో, రక్తం లేకపోవడం వల్లో ఎవరు చెప్పాలి? ఈ పరీక్షను ఇక్కడ పక్కన పెట్టేయవచ్చు.

సీఆర్‌పీ అంతకన్నా చురుకైనది. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనుగొన్నారు. ఐఎల్-6 అనే సంకేత ప్రొటీన్ ఆదేశిస్తే కాలేయం దీన్ని తయారుచేసి వదులుతుంది. వాపు తగ్గితే సుమారు 19 గంటలకొకసారి సగానికి పడిపోతుంది. బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లలో వందల్లోకి పోయే సీఆర్‌పీ, మామూలు సర్పిలో చాలావరకు మామూలుగానో, కొద్దిగా ఎక్కువగానో ఉంటుంది. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి సీఆర్‌పీ 4 రావచ్చు. ఆ కాగితం చూసి నీకేం లేదంటే అంతకన్నా అన్యాయం లేదు. అటుపక్క సీఆర్‌పీ బాగా ఎక్కువగా వస్తే అది నరాల నొప్పికి జోస్యం కాదు, ఎర్రమన్ను, పసరు, బూడిద పూసిన పొక్కుల్లో చీము పట్టిందేమో చూడమన్న హెచ్చరిక. సర్పిలో ఈ పరీక్ష అసలు ఉపయోగం అదే.

ఇటీవల ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఎన్‌ఎల్‌ఆర్ మీద. చైనా, టర్కీ ఆసుపత్రుల నుంచి దీని మీద చాలా పత్రాలు వచ్చాయి. ఆశకు కారణం చవక. దీనికి వేరే పరీక్షే అక్కర్లేదు, ఏ పల్లె ల్యాబులోనైనా చేసే సీబీపీ చాలు. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్స్‌తో భాగిస్తే వచ్చే అంకె ఇది. మామూలుగా ఒకటి నుంచి మూడు మధ్య ఉంటుంది. న్యూట్రోఫిల్స్ వాపుకు సైనికులు. లింఫోసైట్స్, వాటిలోనూ టీ కణాలు, ఈ వైరస్‌ను దశాబ్దాలుగా అణచి ఉంచిన కాపలాదారులు. మొదటివి పెరిగి రెండోవి తగ్గితే నరానికి దెబ్బ ఎక్కువ తగులుతుందన్న ఊహలో తర్కం ఉంది. ఈ అంకెను ప్లేట్‌లెట్లతో హెచ్చించి ఎస్‌ఐఐ అని ఇంకో సూచిక కూడా తయారుచేశారు. నొప్పి మిగిలినవారి సగటు ఎన్‌ఎల్‌ఆర్, మిగలనివారి సగటు కన్నా ఎక్కువగా ఉన్నట్టు పలు అధ్యయనాల్లో తేలింది.

ఇప్పుడు ఒక చీటీని దగ్గరగా పెట్టి చదువుదాం. ఇది ఉదాహరణకు రాసిన చీటీ. టోటల్ కౌంట్ 10,400. న్యూట్రోఫిల్స్ 78 శాతం. లింఫోసైట్స్ 15 శాతం. 78ని 15తో భాగిస్తే 5.2. పరిశోధనా పత్రం చేతిలో ఉన్న యువ డాక్టరుకు ఇది ప్రమాద సంకేతంలా కనిపిస్తుంది. కానీ ఈ రోగికి రెండు రోజుల క్రితం ఊళ్లో వేసిన సూది పేరేమిటి? చాలాసార్లు అది డెక్సామెథాసోన్. ఆ స్టెరాయిడ్ పడిన కొన్ని గంటల్లోనే రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ ప్రవాహంలోకి వచ్చేస్తాయి, లింఫోసైట్స్ తగ్గిపోతాయి. ఎన్‌ఎల్‌ఆర్ తనంతట తనే రెండింతలవుతుంది. అంటే ఆ 5.2 సర్పి రాసిన అంకె కాకపోవచ్చు, సూది రాసిన అంకె కావచ్చు. చీము పట్టినా, బీడీ ఎక్కువగా తాగినా, షుగర్ అదుపు తప్పినా, వయసు మీదపడినా ఇది పెరుగుతుంది. పెద్ద వయసు, షుగర్ నొప్పికీ కారణాలే కాబట్టి ఎన్‌ఎల్‌ఆర్ కొత్తగా ఏదన్నా చెబుతోందా, వయసునే ఇంకో రూపంలో చూపిస్తోందా అన్నది విడదీయడం కష్టం. విడదీయడానికి ప్రయత్నించిన పత్రాలున్నాయి. కాని చాలావాటిలో రోగులు కొద్దిమంది. వారంతా ఆసుపత్రిలో చేరేంత జబ్బున్నవారు. లెక్కలన్నీ పాత కేసు షీట్లు తిరగేసి తీసినవి. ప్రమాదానికి గీత ఎక్కడ గీయాలన్నదీ ఒక్కో పత్రంలో ఒక్కోలా ఉంది. ఒక ఊళ్లో గీసిన గీత ఇంకో ఊళ్లో పనిచేస్తుందని చూపించనంతకాలం అది వైద్యానికి పనికిరాదు.

నాలుగోది ఐఎల్-6. శాస్త్రపరంగా వీటన్నిటిలోకీ బరువైన సాక్ష్యం దీనిదే. ఎందుకంటే ఇది వాపుకు ఫలితం మాత్రమే కాదు, నొప్పిని మోసే నరాన్ని రెచ్చగొట్టే పదార్థాల్లో ఒకటి. 2009లో ఒక చైనా బృందం సర్పి తొలి రోజుల్లో రక్తంలో ఐఎల్-6 ఎక్కువగా ఉన్నవారిలో తర్వాత నరాల నొప్పి ఎక్కువగా మిగిలిందని రాసింది. తర్వాత ఇంకొందరు టీఎన్‌ఎఫ్, ఐఎల్-8, ఐఎల్-10 వంటివీ కొలిచారు. ఒకరికి పెరిగినట్టు కనిపించింది ఇంకొకరికి కనిపించలేదు. ఈ ప్రొటీన్లు గంటల్లో మారిపోతాయి. రక్తం తీసి మిట్టమధ్యాహ్నం ఎండలో మోటారు సైకిల్ మీద నలభై కిలోమీటర్లు ల్యాబుకు పంపితే వచ్చే అంకెను ఎంతవరకు నమ్మాలన్నది రెంటచింతల వైపు ఎండలు తెలిసినవారికి చెప్పక్కర్లేదు.

సగటులో తేడా ఉండటం ఒకటి, ఒక మనిషి భవిష్యత్తు చెప్పడం మరొకటి. లెక్క వేసి చూద్దాం. సర్పి వచ్చిన నూరుమందిలో ఇరవై మందికి నొప్పి మిగులుతుందనుకోండి. ఒక పరీక్ష ఆ ఇరవైలో పదిహేనుమందిని పట్టుకుంటుంది, మిగిలిన ఎనభైలో యాభై ఆరుమందికి మీకేం భయం లేదని సరిగ్గానే చెబుతుంది అనుకుందాం. కాగితం మీద చూస్తే మంచి పరీక్షే. కాని ప్రమాదం అని అది గుర్తుపెట్టినవారు మొత్తం ముప్పై తొమ్మిది మంది, వాళ్లలో నిజంగా నొప్పి మిగిలేది పదిహేనుమందికి. మిగతా ఇరవై నలుగురూ అకారణంగా బెంగపెట్టుకుంటారు. అటు అయిదుగురు భరోసాతో ఇంటికి వెళ్లి నొప్పిలో పడతారు. ఆ భరోసా ఇచ్చే హక్కు ఏ ల్యాబుకూ లేదు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ఈ సమీక్షలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. వాపే నొప్పికి మూలమైతే, వాపును అణచే స్టెరాయిడ్ ఇస్తే నొప్పి మిగలకూడదు కదా? పరీక్షించి చూశారు. 1994లో ఎసైక్లోవిర్‌తో పాటు ప్రెడ్నిసొలోన్ ఇచ్చి చేసిన పెద్ద అధ్యయనంలో తొలి రోజుల నొప్పి కొంత తగ్గింది, కాని దీర్ఘకాలపు నొప్పిలో తేడా రాలేదు. 2006లో నెదర్లాండ్స్‌లో 598 మందితో ఇంకో ప్రయత్నం జరిగింది. వెన్నుపాము పొర బయట స్టెరాయిడ్, మత్తుమందు కలిపి ఒక సూది వేశారు. నెల తర్వాత చూస్తే సూది పడినవారిలో నొప్పి 48 శాతం మందికి, పడనివారిలో 58 శాతం మందికి ఉంది. మూడు నెలలకు ఆ కొంచెం తేడా కూడా చెరిగిపోయింది. 2000లో జపాన్‌కు చెందిన కోటానీ బృందం 277 మంది పాత నొప్పి రోగులతో చేసిన ప్రయోగం ప్రపంచాన్ని ఆశపెట్టింది. వెన్నులోపలి ద్రవంలోకే స్టెరాయిడ్ ఎక్కించగా ఎక్కువమందికి అద్భుతంగా తగ్గిందనీ, ఆ ద్రవంలో ఐఎల్-8 కూడా పడిపోయిందనీ ప్రకటించారు. పదమూడేళ్ల తర్వాత డచ్చి వైద్యులు అదే పద్ధతి మళ్లీ చేయబోయి, పదిమంది రోగులతోనే ఆపేయాల్సి వచ్చింది. ఫలితం కనిపించలేదు సరికదా, కొందరికి నొప్పి పెరిగింది. వెన్నులోకి స్టెరాయిడ్ ఎక్కించుకుంటే పోతుందని ఎవరైనా చెబితే ఈ రెండో కథ కూడా గుర్తుపెట్టుకోవాలి.

వాపును అణిస్తే అంతా అయిపోదనడానికి ఇంకో గుర్తు కీళ్లవాతం మందుల్లో ఉంది. టోఫాసిటినిబ్ వంటి మందులు వాపు సంకేతాలను గట్టిగా నొక్కేస్తాయి. అవి వాడేవారిలో సర్పి తగ్గదు, పెరుగుతుంది. నరాన్ని బాధించే ఆ రసాయనాలే వైరస్‌ను అదుపులో ఉంచే పనిలోనూ ఉన్నాయన్నమాట.

జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు అంటుకున్నప్పుడు పైన నీళ్లు కొట్టి పొగ ఆపినా బేలు లోపల రోజుల తరబడి రగులుతూ ఉంటుందని ఆ పని చేసేవాళ్లు చెబుతారు. సర్పిలో రగిలేది నరాల ముడి లోపల. రక్తంలో మనం కొలిచేది బయటికి వచ్చిన పొగ. కెనడా వైద్యుడు వాట్సన్ 1988లో, తర్వాత కూడా, ఈ నొప్పితో బతికి చనిపోయినవారి వెన్నుపాములను పరిశీలించి, నొప్పి ఉన్న పక్కన వెన్నుపాము వెనక భాగం కుచించుకుపోయి, నరాల ముడిలో కణాలు నశించి ఉండటం చూపించాడు. అమెరికాలో ఆన్ లూయీస్ ఓక్‌లాండర్ 2001లో చర్మం ముక్కల్లో నరాల కొసలు లెక్కపెట్టి, నొప్పి మిగిలినవారిలో ఆ కొసలు ఒక స్థాయి కన్నా తక్కువకు పడిపోయాయని చూపించింది. అంటే మూడు నెలల తర్వాత మిగిలే నొప్పిలో చాలాభాగం వాపు నొప్పి కాదు, దెబ్బతిన్న తీగ పంపే తప్పుడు సంకేతం. రక్తంలో సీఆర్‌పీ మామూలయ్యాక కూడా ఆ తీగ అలాగే ఉంటుంది. స్టెరాయిడ్ ఎందుకు పనిచేయలేదో, రక్తపరీక్ష ఎందుకు తడబడుతుందో నాకు ఇక్కడే అర్థమైంది.

అయినా వాపుకూ, కారం రాసినట్టున్న ఆ మంటకూ సంబంధం లేదని కాదు. ఉందని చూపించింది మన మిరపకాయే. మిర్చి ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ నరాల కొసల మీద ఏ ద్వారాన్ని తెరుస్తుందో 1997లో డేవిడ్ జూలియస్ కనిపెట్టాడు. దాని పేరు టీఆర్‌పీవీ1. ఆ పనికే 2021లో ఆయనకు, ఇంకో ద్వారం కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కు నోబెల్ వచ్చింది. ఈ ద్వారం మామూలుగా 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది. వాపులో పుట్టే రసాయనాలు దాన్ని ముట్టుకుంటే ఆ హద్దు కిందికి దిగి, మన ఒంటి వేడికే తెరుచుకునే స్థితి వస్తుంది. గుంటూరు యార్డులో తేజ రకం టిక్కీలు విప్పినప్పుడు చేతులు మండేదీ, సర్పి వచ్చిన చోట ఏమీ తగలకుండానే మండేదీ ఒకే ద్వారం గుండా. కల్లంలో తొడిమలు తీసే ఆమె కారం రాసినట్టుందన్నది ఊరికే అన్న మాట కాదు, నరం చేసిన సరైన వర్ణన.

అదే మిరప మందుగానూ మారింది. క్యాప్సైసిన్‌ను 8 శాతం గాఢతతో నింపిన పట్టీని నొప్పి ఉన్న చోట గంటసేపు అంటిస్తే ఆ నరాల కొసలు కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెలలపాటు మొద్దుబారతాయి. అమెరికా దీనికి 2009లో అనుమతి ఇచ్చింది. ముందు మత్తు పూత పూసి, ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో వేసే పట్టీ ఇది. తక్కువ గాఢత క్రీములు మందుల షాపుల్లో దొరుకుతాయి. వాటినీ పొక్కులు పూర్తిగా మాని, చర్మం గట్టిపడ్డాకే, చేతులకు తొడుగుతో రాయాలి. ఇది చదివి ఎవరూ పచ్చి పొక్కుల మీద కారం నూరి పూయవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

రక్తపరీక్షలే వద్దంటున్నానా? కాదు. ఈ నేల మీద సర్పి రోగికి తప్పనిసరిగా చేయాల్సిన రక్తపరీక్షలు మూడున్నాయి, అవి వాపు పరీక్షలు కావు. మొదటిది షుగర్. రెండోది, యాభై లోపు వయసులో సర్పి వస్తే, హెచ్‌ఐవీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటిగా ఉండేది. గుంటూరు, ప్రకాశం అందులో ముందు వరసలో ఉన్న జిల్లాలు. ముప్పై అయిదేళ్ల లారీ డ్రైవరుకో, కూలీకో వచ్చిన సర్పి ఒక్కోసారి హెచ్‌ఐవీకి మొదటి బయటి గుర్తు. 2004 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఏఆర్‌టీ మందులు ఉచితం. గుంటూరు జీజీహెచ్‌లో, ఒంగోలు పెద్దాసుపత్రిలో పరీక్షా, మందులూ డబ్బు లేకుండా, పేరు బయటికి రాకుండా దొరుకుతాయి. ఐఎల్-6కు వెయ్యి రూపాయలు పెట్టించి హెచ్‌ఐవీ అడగడానికి మొహమాటపడే వైద్యం రోగిని నష్టపరుస్తుంది.

మూడోది సీరం క్రియాటినిన్. కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడ్ నీళ్ల గురించి, కిడ్నీ జబ్బుల గురించి తెలియనివారు లేరు. సర్పికి ఇచ్చే ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీ పాడైన మనిషికి పూర్తి డోసు ఇస్తే మందు మెదడుకెక్కి మగత, పలవరింతలు, లేనివి కనిపించడం వంటివి వస్తాయి. నొప్పికి ఇచ్చే గబాపెంటిన్, ప్రీగబాలిన్‌కూ ఇదే జాగ్రత్త. షాపులో కొని మింగే డైక్లోఫెనాక్ నరాల నొప్పికి పెద్దగా పనిచేయదు, కిడ్నీకి మాత్రం హాని చేస్తుంది. వందా రెండొందల్లో అయిపోయే క్రియాటినిన్ పరీక్షే ఆ ప్రాంతంలో ఐఎల్-6 కన్నా ఎన్నో రెట్లు విలువైనది.

మరి ఎవరికి నొప్పి మిగులుతుందో అసలు చెప్పలేమా? కొంత చెప్పగలం, సూది లేకుండానే. వయసు ఎంత? పొక్కులకు ముందే నొప్పి మొదలైందా? తొలి వారంలో నొప్పి పదిలో ఎంత? పొక్కులు ఎంత మేర, ఎంత దట్టంగా లేచాయి? కంటి చుట్టూ వచ్చిందా? ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూసినా ఈ అయిదు ప్రశ్నలే మళ్లీ మళ్లీ నిలిచాయి. ఊళ్లో ఆశా కార్యకర్త కూడా అడగగల ప్రశ్నలివి. రాత్రి నిద్రపట్టనంత నొప్పి ఉన్న డెబ్భై ఏళ్ల మనిషికి సీఆర్‌పీ ఎంతొచ్చినా ప్రమాదం ఎక్కువే. ముక్కు కొస మీద పొక్కు లేస్తే కంటికి ముప్పని గుర్తు. అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

చికిత్సలో అన్నిటికన్నా విలువైనది సమయం. పొక్కులు లేచిన 72 గంటల్లో ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు అయిదుసార్లు, లేదా వాలాసైక్లోవిర్ 1000 మిల్లీగ్రాములు మూడుసార్లు, ఏడు రోజులు, డాక్టరు చెప్పిన మేరకు. ఇవి కూడా తర్వాతి నరాల నొప్పిని ఖాయంగా ఆపుతాయని రుజువు కాలేదు. కాని పొక్కులు త్వరగా మానతాయి, తొలి నొప్పి తగ్గుతుంది, కన్ను దక్కుతుంది. నొప్పి మిగిలితే ఎమిట్రిప్టిలిన్ చిన్న మోతాదులో, గబాపెంటిన్, ప్రీగబాలిన్, లిడోకైన్ పట్టీ ఉన్నాయి. వీటికి వారాలు పడుతుంది. రెండు రోజులు వేసి పనిచేయలేదని మానేయకూడదు. అయితే ఒకపక్కే గీతలా లేచిన పొక్కులన్నీ సర్పి కావు. వానాకాలంలో లైటు చుట్టూ ఎగిరే ఒక రకం పురుగు ఒంటి మీద నలిగినా, వీపు మీది స్ప్రేయర్ ట్యాంకు కారి మందు తగిలినా అలాగే లేస్తాయి. తేడా తెలిసిన కన్ను చూడాలి.

జబ్బు రాకుండానే ఆపే టీకా షింగ్రిక్స్ 2023లో మన దేశానికి వచ్చింది. 50 దాటినవారిలో దీని రక్షణ 97 శాతమని 2015లో తేలింది, 70 దాటినవారిలో 90 శాతం చుట్టూ ఉంటుంది. ఒక్కో డోసు పదివేల రూపాయల పైమాటే, రెండు వేయించుకోవాలి, ప్రభుత్వ టీకాల జాబితాలో లేదు. కౌలుకు మిర్చి వేసే రైతు ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకు వేయించాలంటే నలభై వేల పైమాటే. ధర తగ్గకుండా ఈ టీకా ఆ ఇంటికి చేరదు.

వాపు సూచికల మీద పరిశోధన ఆపమని నేను అనను. నిజాయితీగా చేయాలంటే దానికి తగిన చోటు ఇదే. గుంటూరు వైద్య కళాశాల, మంగళగిరి ఎయిమ్స్, ఒంగోలు ప్రభుత్వాసుపత్రి కలిస్తే చాలు. పొక్కులు లేచిన మూడు రోజుల్లో, స్టెరాయిడ్ సూది పడకముందే రక్తం తీయాలి. సూది పడి ఉంటే ఆ సంగతి, షుగర్, రక్తహీనత, వయసు, తొలి నొప్పి అంకె అన్నీ రాయాలి. తొంభయ్యో రోజున ఫోన్ చేసి బట్ట తగిలితే నొప్పి ఉందా అని అడగాలి. తొలి నొప్పి అంకె చెప్పినదానికి మించి రక్తం ఏమైనా చెప్పిందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు రావాలి. హోప్-సింప్సన్ ఒక చిన్న పట్టణపు ప్రాక్టీసులో నోటు పుస్తకంతో చేసిన పని మన మూడు పెద్దాసుపత్రులు చేయలేనిదేమీ కాదు.

అప్పటిదాకా ఆర్‌ఎంపీ అన్నలకు ఒక విన్నపం. ఒంటికి ఒకపక్కే గుచ్చే నొప్పి వచ్చి, గుత్తులుగా పొక్కులు లేస్తే డెక్సా సూది వేయకండి. ఆ రోజే చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపండి. ఇంట్లో అమ్మానాన్నలున్న బిడ్డలు కూడా ఐఎల్-6 కోసం దాచిన డబ్బుతో ముందు యాంటీవైరల్ మందులు కొనండి. వాటితో పాటే షుగర్, క్రియాటినిన్ చేయించండి. పొక్కు కనిపించిన గంట నుంచి లెక్కపెట్టుకోండి, 72 గంటలు దాటనివ్వకండి.